తుంటి కీలుకు కొత్త నడక నేర్పిన జాన్ చార్న్‌లీ



పోయిన వార్షికోత్సవం నాడు మన కామాటి పెద్దయ్య ఎవరి చేయీ పట్టుకోకుండా వేదిక మెట్లెక్కడం మీలో చాలామంది చూసే ఉంటారు. మేము ఇక్కడ చదువుకునే రోజుల్లో ఆయన తెల్లవారుజామునే లేచి బోరింగు దగ్గర నుంచి వంటశాలకు నీళ్ళు మోసేవారు. మేము ఇంటర్‌కు వెళ్ళేసరికి కుంటడం మొదలైంది. కొన్నాళ్ళకు చేతికి కర్ర వచ్చింది. ఆ తర్వాత మంచం పట్టారు. ప్రభుత్వ ఆసుపత్రిలో తుంటి కీలు మార్చాక మళ్ళీ లేచి నిలబడ్డారు. ఆ రాత్రి భోజనాల దగ్గర తొమ్మిదో తరగతి తమ్ముడొకడు పెద్దయ్య తుంటిలో ఏం పెట్టారని మమ్మల్ని అడిగాడు. లోహపు బంతి, దానికి ప్లాస్టిక్ గిన్నె అని చెప్పాం. బంతి సంగతి నమ్మాడు, ప్లాస్టిక్ సంగతి మాత్రం నమ్మలేదు. తాగి పారేసే గ్లాసు లాంటిదా అని అందరినీ నవ్వించాడు.

మేమిద్దరం ఈ హాస్టల్ నుంచి వెళ్ళి ప్లాస్టిక్ టెక్నాలజీ డిప్లొమా చేసినవాళ్ళం. అయినా ఆ రోజు మేము వాడికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. ఆ ప్లాస్టిక్ గిన్నె వెనక ఒక మనిషి జీవితం ఉంది. అందులో ఒక పెద్ద ఓటమి కూడా ఉంది. ఈసారి సంచికకు వ్యాసం అడిగినప్పుడు మరో ఆలోచన లేకుండా ఆయన గురించే రాయాలనుకున్నాం. ఆయనే ఇంగ్లండుకు చెందిన ఎముకల డాక్టరు సర్ జాన్ చార్న్‌లీ.

చార్న్‌లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో, బరీ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రికి మందుల దుకాణం ఉండేది. తల్లి నర్సుగా శిక్షణ పొందిన మనిషి. లాంకషైర్ అంటే నూలు మిల్లుల సీమ. సిరిసిల్ల నుంచి వచ్చిన మన మిత్రులకు మరమగ్గాల మోత ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు, ఆయన పుట్టిన సీమ కూడా అలాంటిదే. ఈ మిల్లుల మాట గుర్తు పెట్టుకోండి, ఆయన జీవితంలో అవి రెండుసార్లు అడ్డం వస్తాయి.

ఆయన ఊళ్ళోని గ్రామర్ స్కూల్లో చదివి, 1929లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు. 1935లో డాక్టరు అయ్యారు. మరుసటి ఏడాదే, పాతికేళ్ళ వయసులోనే, శస్త్రచికిత్సలో ఫెలోషిప్ పరీక్ష గట్టెక్కారు. అంత చిన్న వయసులో అది దక్కడం అరుదు. యుద్ధకాలంలో సైనిక వైద్య దళంలో చేరారు. 1940లో డంకర్క్ తరలింపులో పనిచేశారు. తర్వాత ఈజిప్టులోని కైరోకు వెళ్ళారు. కైరోలో ఆయనకు సైన్యపు వర్క్‌షాపు దొరికింది. విరిగిన కాళ్ళకు కట్టే బద్దలు, పరికరాలు తన ఆలోచన ప్రకారం మెకానిక్‌లతో చేయించేవారు. కత్తి పట్టే చేతికి లేత్ మిషన్ రుచి చూపించింది ఆ వర్క్‌షాపే. తర్వాతి కాలంలో ఆయన ఇంట్లో కూడా ఒక లేత్ మిషన్ ఉండేది.

యుద్ధం అయిపోయాక 1946లో కొన్ని నెలలు ఆస్వెస్ట్రీ అనే చోట ఉన్న ఎముకల ఆసుపత్రిలో పనిచేశారు. ఒక చోటి ఎముక ముక్కను తీసి మరో చోట అతికిస్తే అది ఎలా పెరుగుతుందనే ప్రశ్న ఆయన్ని అక్కడ పట్టుకుంది. ఎవరి మీద చూడాలి? తోటి డాక్టరు ఒకరిని ఒప్పించి తన మోకాలి కింది ఎముక నుంచే ముక్క తీయించుకున్నారు. అది చీము పట్టింది. మళ్ళీ ఆపరేషన్లు చేయించుకోవలసి వచ్చింది. బాగా ఉన్న కాలిని పాడుచేసుకున్నారని తోటివాళ్ళు అనుకునే ఉంటారు. ఇది తెలివైన పని అని మేమూ అనము. కానీ పరీక్ష అంటూ పెడితే ముందు తన ఒంటి మీద పెట్టుకునే ఈ అలవాటు ఆయనతో చివరిదాకా పోలేదు. అది ఎక్కడ పనికొచ్చిందో ముందు ముందు చెబుతాం.

1947లో మాంచెస్టర్‌లోని పెద్దాసుపత్రిలో కన్సల్టెంటు అయ్యారు. 1950లో, ఎముక విరిగినప్పుడు కోయకుండానే సరిచేయడం గురించి ఒక పుస్తకం రాశారు. ఆ ఒక్క పుస్తకంతోనే ప్రపంచంలోని ఎముకల డాక్టర్లకు ఆయన పేరు తెలిసింది. అక్కడితో ఆగినా సుఖంగా బతికేవారు.

ఇక అసలు సంగతికి వద్దాం. తుంటి కీలు అంటే ఒక గిన్నె, అందులో తిరిగే ఒక బంతి. గిన్నె కటి ఎముకలో ఉంటుంది. బంతి తొడ ఎముక పైకొస. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. ఆ పొర అరిగిపోతే ఎముక మీద ఎముక రాసుకుంటుంది. అడుగు తీసి అడుగు వేస్తే ప్రాణం పోయినట్టుంటుంది. ఆ రోజుల్లో దీనికి గట్టి మందు లేదు. కర్ర, మాత్రలు, మంచం, అంతే. కొందరు డాక్టర్లు అరిగిన బంతిని తీసేసి దాని చోట వేరే పదార్థంతో చేసిన బంతి పెట్టేవారు. పారిస్‌లో జూడే సోదరులు 1946 నుంచి ఆక్రిలిక్ ప్లాస్టిక్ బంతి పెడుతూ వచ్చారు. కొత్తలో బాగుండేది, కొన్నాళ్ళకు వదులయ్యేది.

అలాంటి బంతి పెట్టించుకున్న ఒకాయన చార్న్‌లీ దగ్గరకు వచ్చాడు. ఆయన బాధ విచిత్రమైనది. భోజనాల బల్ల దగ్గర కాస్త ముందుకు వంగితే చాలు, తుంటి కిర్రుమనేది. ఆ చప్పుడు భరించలేక భార్య లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేదట. వేరే డాక్టరయితే నవ్వి ఊరుకునేవాడేమో. చార్న్‌లీ మాత్రం ఆ చప్పుడును పట్టుకున్నారు. తలుపు బందు కిర్రుమంటే నూనె లేదని అర్థం, అంటే ఘర్షణ ఎక్కువగా ఉందని అర్థం. తుంటిలో బంతి గిన్నెను పట్టేసుకుంటే, నడిచిన ప్రతిసారీ ఆ పట్టు బంతిని ఎముకలోంచి కొద్దికొద్దిగా మెలి తిప్పుతుంది. వదులవడానికి కారణం అదే. తప్పు డాక్టరు చేతిలో లేదు, రాసుకునే రెండు ఉపరితలాలలో ఉంది.

మిత్రులారా, ఈ ఒక్క మాట మా చదువుకు గుండెకాయ లాంటిది. ఒక వస్తువు ఎంత గట్టిదన్నది ఒక ప్రశ్న. దాని పైపొర పక్కనున్న దానితో ఎలా మెలుగుతుందన్నది మరో ప్రశ్న. ఒంట్లో పెట్టే వస్తువుకు ఈ రెండో ప్రశ్నే ప్రాణం మీదకు తెస్తుంది.

చార్న్‌లీ ముందుగా అసలు కీలు ఎలా జారుతుందో కొలిచి చూశారు. రోగుల నుంచి తొలగించవలసి వచ్చిన కాళ్ళ కీళ్ళను తీసుకుని ఘర్షణ లెక్కగట్టారు. మంచు మీద స్కేటు జారేదానికన్నా అది తక్కువ అని తేలింది. మధ్యనున్న ద్రవం వల్లనే కీలు జారుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. మృదులాస్థి పైపొరకే జారే గుణం ఉందని ఆయన అనుకున్నారు. అది నిజమైతే ఆ పొర పోయిన చోట, ఒంటి ద్రవాలతో సంబంధం లేకుండా తనంతట తాను జారే పదార్థం పెట్టాలి. అలాంటిది అప్పటికి ఒక్కటే దొరికింది, టెఫ్లాన్. ఇప్పుడు మన ఇళ్ళల్లో దోసె అంటుకోని పెనం మీద ఉండే పూత అదే. 1938లో అమెరికాలో అనుకోకుండా బయటపడిన ప్లాస్టిక్ అది.

ఈ పనికి ఆయన ఎంచుకున్న చోటు రైటింగ్టన్ ఆసుపత్రి. అది విగన్ పట్టణానికి దగ్గర్లో ఉన్న పాత క్షయ ఆసుపత్రి. క్షయకు మందులు వచ్చాక అక్కడి వార్డులు ఖాళీ అవుతూ వచ్చాయి. పెద్ద నగరంలో పెద్ద పేరు ఉన్న డాక్టరు, పని తగ్గించుకుని ఆ మూలకు ఎందుకు వెళ్ళాడని అనుకున్నవాళ్ళు ఉన్నారు. అక్కడ ఆయన తుంటి కీలు కోసమే ఒక కేంద్రం కట్టుకున్నారు. పక్కనే ఒక చిన్న ప్రయోగశాల పెట్టారు. అందులోకి హ్యారీ క్రేవెన్ అనే యంత్ర పనివాడిని తెచ్చుకున్నారు. ఈ క్రేవెన్ గురించి తర్వాత వివరంగా రాస్తాం, ఎందుకంటే మన ఐటీఐ తమ్ముళ్ళు ఆయన గురించి తప్పక తెలుసుకోవాలి.

1958 ప్రాంతంలో మొదట బంతికీ గిన్నెకూ టెఫ్లాన్ తొడుగులు తొడిగి చూశారు. అవి నిలవలేదు. తర్వాత తొడ ఎముకలోకి దిగే లోహపు కాడ, దాని కొసన లోహపు బంతి, ఎదురుగా టెఫ్లాన్ గిన్నె పెట్టారు. ఇక్కడ ఆయన చేసిన రెండు పనులు చెప్పుకోవాలి.

మొదటిది, బంతిని చిన్నది చేయడం. అప్పటిదాకా అందరూ అసలు బంతి అంత పెద్దదే పెట్టేవారు. చార్న్‌లీ 41 మిల్లీమీటర్ల పైనుంచి మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ 22.225 మిల్లీమీటర్లకు తెచ్చారు. అంగుళంలో ఎనిమిదింట ఏడో వంతు. ఎందుకంటే స్పానర్ పొడవైతే బోల్టు తేలిగ్గా తిరుగుతుంది కదా, బంతి పెద్దదైతే ఘర్షణ చేతికి అంత పొడవు స్పానర్ ఇచ్చినట్టే. చిన్న బంతి అయితే స్పానర్ పొట్టిదవుతుంది, గిన్నెను ఎముకలోంచి తిప్పే బలం తగ్గుతుంది. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలోని లెక్కే ఇది. తుంటిలోకి తీసుకువెళ్ళాలన్న ఆలోచన ఆయనకు వచ్చింది.

రెండోది, సిమెంటు. మాంచెస్టర్‌లో దంతవైద్యానికి వాడే పదార్థాల మీద పనిచేసే డెన్నిస్ స్మిత్ అనే శాస్త్రవేత్త సలహాతో, కట్టుడు పళ్ళకు వాడే ఆక్రిలిక్‌నే పిండిలా కలిపి ఎముక లోపల కూరి, అది గట్టిపడేలోగా కాడను దింపేవారు. ఇది జిగురు కాదు, ఎముకకు అంటుకోదు. ఎముక లోపలి భాగం స్పంజిలా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. మెత్తగా ఉన్నప్పుడు గట్టిగా నొక్కితే సిమెంటు ఆ చిల్లుల్లోకి దూరి, గట్టిపడి, వేళ్ళు పెనవేసుకున్నట్టు పట్టుకుంటుంది. నడిచేటప్పుడు పడే బరువు ఒక్క చోట కాకుండా ఎముకంతటా పంచుకుంటుంది. గోడ మీద గచ్చు పట్టాలంటే మేస్త్రీ ముందు గోడకు గాట్లు పెడతాడు, అదీ ఇదీ ఒకటే కిటుకు.

ఫలితం అద్భుతంగా వచ్చింది. ఏళ్ళ తరబడి మంచంలో ఉన్నవాళ్ళు లేచి నడిచారు. 1961లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆయన తన పద్ధతిని ప్రకటించారు. దాదాపు 300 మంది తుంట్లలో టెఫ్లాన్ గిన్నెలు చేరాయి.

అప్పుడు దెబ్బ పడింది. రోగులు ఒక్కొక్కరే నొప్పితో తిరిగి వచ్చారు. ఎక్స్‌రే తీస్తే లోహపు బంతి టెఫ్లాన్ గిన్నెను తొలుచుకుంటూ పైకి పోతున్నట్టు కనబడింది. ఎక్కువ ఏళ్ళు కూడా పట్టలేదు, కొందరికి రెండు మూడేళ్ళలోనే గిన్నె అరిగిపోయింది. అరుగుదల ఒక్కటే అయితే గిన్నె మార్చి సర్దుకునేవారు. అరిగిన పొడి అసలు శత్రువు. కంటికి కనబడని ఆ రేణువులను ఒంట్లోని కణాలు మింగడానికి వస్తాయి, మింగినా అరిగించుకోలేవు. చుట్టూ జున్ను లాంటి ముద్ద తయారవుతుంది, పక్కనున్న ఎముకను తినేస్తుంది. తనంతట తాను కుదురుగా ఉన్న టెఫ్లాన్ ఏ హానీ చేయనిది. పొడి అయిన టెఫ్లాన్ వేరే వస్తువు. చార్న్‌లీకి ఆ తేడా ముందు తెలియలేదు.

ఇక్కడ మా మాట ఒకటి చెప్పాలి. గొప్పవారి గురించి రాసేటప్పుడు తప్పులు దాచడం మనకు అలవాటు. చార్న్‌లీ చేసింది పొరపాటే. జారుడు ఎంత ఉందో బాగా చూశారు, అరుగుదల ఎంత ఉందో తగినంత చూడలేదు. 300 మంది ఆయన్ని నమ్మి బల్ల మీద పడుకున్నారు. ఇవాళ్టి నియమాల ప్రకారమైతే అంతమందికి పెట్టే ముందు ఎన్నో పరీక్షలు దాటాలి. ఆయన మీద మాకున్న గౌరవం దీని తర్వాత ఆయన ఏం చేశారన్న దాని నుంచి వచ్చింది.

ఆయన దాచలేదు. వచ్చిన రోగులను వేరే డాక్టరు దగ్గరకు తోసేయలేదు. పాడైన గిన్నెలు తీసే ఆపరేషన్లకు మళ్ళీ తనే కత్తి పట్టుకున్నారు. తను పెట్టినదాన్ని తన చేత్తో బయటకు తీసి, ఆ ముద్దను కళ్ళారా చూసి, రోగి ముఖం చూసి మాట్లాడడం ఎంత కష్టమో ఊహించండి. ఆయన 1957లో పెళ్ళి చేసుకున్నారు. అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే భర్త తల పట్టుకుని మంచం మీద కూర్చుని ఉండడం గురించి భార్య జిల్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు.

టెఫ్లాన్‌లో వేరే పదార్థం కలిపి గట్టి చేసి చూశారు. ప్రయోగశాల మిషన్ మీద అది బాగా నిలిచింది, మనిషి ఒంట్లో నిలవలేదు. పైగా లోహపు బంతిని కూడా గీరి గరుకు చేసింది. మిషన్ చెప్పినదాన్నంతా నమ్మకూడదని ఆయనకు అర్థమైంది. అప్పుడు పాత అలవాటు బయటకు వచ్చింది. ప్లాస్టిక్ పొడిని తన తొడలోనే చర్మం కింద పెట్టుకున్నారు. నెలలు గడిచాక తడిమి చూస్తే, టెఫ్లాన్ ఉన్న చోట గడ్డలు తగిలాయి. పెట్టినదానికన్నా అవి పెద్దవయ్యాయి. ఇంకో ప్లాస్టిక్ ఉన్న చోట అలాంటిదేమీ లేదు. 1963లో ఈ సంగతి కూడా లాన్సెట్‌లోనే ప్రకటించారు. విజయాన్ని ప్రకటించిన పత్రికలోనే ఓటమికి కారణాన్నీ రాశారు.

ఆ ఇంకో ప్లాస్టిక్ ఎలా వచ్చిందంటే, అది క్రేవెన్ కథ. 1962లో ఒక సేల్స్‌మన్ రైటింగ్టన్ ప్రయోగశాలకు వచ్చాడు. లాంకషైర్ మిల్లుల్లో మరమగ్గాల పళ్ళ చక్రాలకు వాడుతున్న కొత్త ప్లాస్టిక్ ముక్క ఒకటి అతని చేతిలో ఉంది. అది పాలిథీన్‌లో ఒక రకం. క్రేవెన్ దాన్ని చార్న్‌లీకి చూపించారు. చార్న్‌లీ బొటనవేలి గోటితో గీరి చూసి, దీని మీద కాలం వృథా అన్నట్టు వెళ్ళిపోయారు. తర్వాత ఆయన కోపెన్‌హాగన్ ప్రయాణం పెట్టుకున్నారు. పెద్దాయన వద్దన్నారు కదా అని క్రేవెన్ ఊరుకోలేదు. తను తయారు చేసిన అరుగుదల మిషన్ మీద ఆ ముక్కను బిగించి, రాత్రింబవళ్ళు నడిపించారు. మూడు వారాలు తిరిగినా ఆ ముక్క అరిగింది, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేదానికన్నా తక్కువ.

చార్న్‌లీ తిరిగి వచ్చాక మిషన్ దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. వద్దన్నది తనేనని అభిమానపడలేదు. ఆ ఏడాది నవంబరులోనే ఆ పాలిథీన్ గిన్నె మొదటిసారి మనిషి తుంటిలోకి వెళ్ళింది. వైద్య డిగ్రీ లేని ఒక ఫిట్టర్ యజమాని మాటను పక్కనపెట్టి మిషన్ ఆన్ చేయకపోతే ఏమయ్యేదో మాకు తెలియదు. చార్న్‌లీకి వచ్చిన బిరుదుల పక్కన క్రేవెన్ పేరు ఎంతమంది రాశారన్నది మాత్రం మాకు కొంచెం బాధ కలిగించే సంగతే.

ఈ పాలిథీన్ ఏమిటని తొమ్మిదో తరగతి తమ్ముడికి ఇప్పుడు చెబుతాం. మన హాస్టల్ మేడ మీద ఉన్న నల్లటి నీళ్ళ ట్యాంకు, కిరాణా కొట్లో ఇచ్చే పల్చటి సంచి, పెద్దయ్య తుంటిలోని గిన్నె, ఇవన్నీ ఒకే ఇంటి పిల్లలు. కార్బన్, హైడ్రోజన్ కలిసి అల్లిన గొలుసులే అన్నీ. తేడా గొలుసు పొడవులో ఉంది. తుంటికి వాడే రకంలో గొలుసులు మామూలు వాటికన్నా ఎన్నో రెట్లు పొడవు. పొడవాటి దారాలు చిక్కుపడితే విడదీయడం ఎంత కష్టమో, ఆ పైపొర నుంచి రేణువును ఊడదీయడం అంత కష్టం. అందుకే అరగదు. ఇది టెఫ్లాన్ అంత జారదు కూడా. జారుడు కాస్త వదులుకుని, అరుగుదల నుంచి చాలా తప్పించుకున్నారన్నమాట. పాలిథీన్‌కు దేన్నీ అంటుకోని గుణం ఉండడం వల్ల సిమెంటు దాన్ని పట్టదు, అందుకని గిన్నె వెనకవైపు గాట్లు పెట్టవలసి వచ్చింది. మళ్ళీ మేస్త్రీ కిటుకే.

ఒకసారి కాలిన చెయ్యి కదా, ఈసారి చార్న్‌లీ తొందరపడలేదు. తన చేతి మీదుగా ఏళ్ళపాటు చూసుకున్నాకే ఇతర డాక్టర్లకు ఆ కీలు ఇవ్వనిచ్చారు. అదీ రైటింగ్టన్ వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్న వారికే. తయారు చేసే లీడ్స్ నగరపు కంపెనీ కూడా ఆ షరతుకు ఒప్పుకుంది. ఆయనకు కోపం ఎక్కువని, తన మాటే నెగ్గాలనే తత్వమని కొందరు అనేవారు. నిజమే కావచ్చు. ఈ విషయంలో ఆ మొండితనం రోగులకు మేలే చేసింది.

ఇంకో గొడవ చీముది. మొదట్లో నూటికి ఏడుగురికి పైగా రోగులకు కీలు దగ్గర చీము పట్టేది. ఒంట్లో పరాయి వస్తువు ఉన్నప్పుడు దాని మీద చేరిన క్రిములను వదిలించడం మహాకష్టం. ఆపరేషన్ గదిలోని గాలే కారణమని చార్న్‌లీ అనుమానించారు. ఇక్కడ మిల్లులు రెండోసారి వచ్చాయి. నూలు మిల్లులకు గాలి యంత్రాలు చేసే హోవర్త్ కంపెనీతో కలిసి, ఆపరేషన్ బల్ల చుట్టూ గాజు గది లాంటిది కట్టి, పైనుంచి వడకట్టిన గాలి పంపేలా ఏర్పాటు చేశారు. డాక్టర్లు వదిలే ఊపిరిని గొట్టంతో బయటకు లాగే దుస్తులు కుట్టించారు. చీము నూటికి ఒకరి దాకా తగ్గింది. మన దగ్గర పెద్దాసుపత్రుల్లో కీళ్ళ ఆపరేషన్ గదులకు ప్రత్యేకంగా గాలి ఏర్పాటు ఉంటుందని వినే ఉంటారు, దానికి మూలాల్లో ఆ గాజు గది కూడా ఒకటి.

గౌరవాలు వరసగా వచ్చాయి. 1974లో అమెరికావారి లాస్కర్ బహుమతి, 1975లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, 1977లో సర్ బిరుదు. పుట్టిన ఊరు బరీ కూడా ఆయన్ని సత్కరించింది. 1982 ఆగస్టు 5న, 71 ఏళ్ళు నిండకముందే కన్నుమూశారు.

బిరుదులకన్నా మమ్మల్ని కదిలించిన సంగతి మరొకటి ఉంది. గిన్నె ఎన్నాళ్ళు ఉంటుందో తెలియాలంటే ఎక్స్‌రే సరిపోదు, బయటకు తీసి కొలవాలి. బాగా నడుస్తున్న మనిషి తుంటిని కోసి చూడలేం కదా. అందుకని చార్న్‌లీ తన రోగులను ఒక కోరిక కోరేవారు. ఎప్పుడో ఒకనాడు తాము చనిపోయాక ఆ కీలును పరీక్షకు తిరిగి ఇమ్మని అడిగేవారు. చాలామంది ఒప్పుకుని సంతకం చేశారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గిన్నెలు రైటింగ్టన్‌కు తిరిగి వచ్చాయి. అరుగుదల సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కల అని లెక్క తేలింది. తమకు నడక ఇచ్చిన ఆసుపత్రికి ఆ మామూలు జనం ఇచ్చిన బదులు అది.

ఆ పదో వంతు కూడా చిన్నది కాదని చార్న్‌లీ పోయాక తెలిసింది. ఇరవై ముప్ఫై ఏళ్ళు నడిచేవారిలో పాలిథీన్ పొడి కూడా నెమ్మదిగా ఎముకను తింటుంది. అందుకని 1990ల చివరి నుంచి గిన్నె ప్లాస్టిక్‌ను గామా కిరణాలతోనో ఎలక్ట్రాన్ కిరణాలతోనో కొట్టి, గొలుసుకు గొలుసును ముడివేసి, వేడిచేసి స్థిరపరుస్తున్నారు. దానితో అరుగుదల బాగా తగ్గింది. ముడి మరీ ఎక్కువైతే ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, కాబట్టి అది కొలతతో చేసే పని. జపాన్‌లో మరో దారి పట్టారు. మన కణాల పైపొరను పోలిన, నీటిని పట్టి ఉంచే పలచటి పొరను గిన్నె లోపలివైపు మొలిపించారు. మృదులాస్థి చేసే పనిని ప్లాస్టిక్ చేత చేయించడమే అది. 2011లో అక్కడి ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది.

గిన్నెకు ఎముక అంటుకోకపోయినా గాట్లతో నడిచిపోతుంది. వెన్నెముకలో పెట్టే పీక్ అనే ప్లాస్టిక్‌కు మాత్రం ఎముక వచ్చి పట్టుకోవాలి. పీక్ బలమైనదే, కానీ దాని పైపొరను ఎముక కణాలు అంతగా ఇష్టపడవు. అందుకని ప్లాస్మాతో పైపొరను మారుస్తున్నారు, ఆమ్లంతో సూక్ష్మమైన చిల్లులు చేస్తున్నారు, టైటానియం పూతో, మన ఎముకలోని ఖనిజమైన హైడ్రాక్సీ అపటైట్ పూతో వేస్తున్నారు. జారవలసిన చోట జారేలా, పట్టవలసిన చోట పట్టేలా ఒక ప్లాస్టిక్ ముఖాన్ని మలచడం ఇప్పుడు పెద్ద చదువు. ఈ హాస్టల్ నుంచి ప్లాస్టిక్, మెకానికల్ వైపు వెళ్ళే తమ్ముళ్ళు పుస్తకాల్లో వీటిని చూస్తారు.

ఈ వ్యాసం రాసే ముందు పెద్దయ్య ఇంటికి వెళ్ళాం. రేకు పెట్టెలోంచి ఆయన ఆసుపత్రి కాగితాలు తీసి చూపించారు. వెనక పేజీలో చిన్న స్టిక్కర్లు అంటించి ఉన్నాయి, కాడకు ఒకటి, బంతికి ఒకటి, గిన్నెకు ఒకటి. గిన్నె స్టిక్కరు మీద కిరణాలతో ముడివేసిన పాలిథీన్ అని ఇంగ్లీషులో ఉంది. అదేమిటని అడిగితే పైన రాసిందంతా ఆయనకు చెప్పాం. మరమగ్గం చక్రం మాట వినగానే ఆయన నవ్వి, తన చిన్నతనంలో కొన్నాళ్ళు మగ్గం మీద కూర్చున్నానని చెప్పారు. డాక్టరుగారు ఏడాదికోసారి ఎక్స్‌రేకు రమ్మన్నారట. ఈసారి ఆయన్ని తీసుకువెళ్ళే వంతు మా ఇద్దరిది.